నూనె డబ్బా పట్టుకున్న ఇంజనీరు



మన ఊళ్ళకు తిరిగే సర్వీసు జీపు ఘాటీ ఎక్కే ముందు డ్రైవరు బానెట్ ఎత్తి, సన్నటి కడ్డీ ఒకటి పైకి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూడటం మీరందరూ చూసే ఉంటారు. ఇంజన్లో ఆయిలు ఎంత ఉందో చూస్తాడన్నమాట. ఆయిలు లేకపోతే ఇనుముకు ఇనుము రాసుకొని, వేడెక్కి, చివరికి ఇంజను పట్టేస్తుంది. మెకానిక్కులు దీన్నే సీజ్ అయింది అంటారు. నడుస్తున్న ఇంజనుకు దానంతటదే నూనె అందాలని జీవితమంతా పనిచేసిన ఒక నల్లజాతి ఇంజనీరు గురించి ఈసారి రాస్తున్నాను. ఆయన పేరు ఎలైజా మెక్‌కాయ్.

ఆయన తల్లిదండ్రులు అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బానిసలు. బానిస అంటే పాలేరు కాదు, వెట్టివాడు కూడా కాదు. ఎద్దును అమ్మినట్టు మనిషిని అమ్మేవారు. పుట్టిన బిడ్డ కూడా యజమాని ఆస్తే. ఆ ఇద్దరూ తప్పించుకొని ఉత్తరానికి పారిపోయి, సరిహద్దు దాటి కెనడా చేరారు. అక్కడ 1834లోనే బానిసత్వం రద్దయింది. ఇట్లా పారిపోయేవారికి రాత్రిళ్ళు దారి చూపించి, పగలు ఇళ్ళల్లో దాచిపెట్టే మనుషుల గొలుసు ఒకటి ఉండేది. దాన్ని అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అనేవారు. పేరులోనే రైలు, పట్టాలూ లేవు ఇంజనూ లేదు. వాళ్ళ కొడుకు మాత్రం నిజం రైలింజన్ల మీదే పని చేశాడు.

ఎలైజా 1844లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, కోల్‌చెస్టర్ అనే చోట పుట్టారు. 15వ ఏట ఆయన్ని స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరానికి పంపించారు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన వాళ్ళు తమ బిడ్డను సముద్రం దాటించి చదివించారంటే ఎంత పట్టుదలో చూడండి. అక్కడ ఆయన యంత్రాల పని నేర్చుకొని మెకానికల్ ఇంజనీరు అయ్యారు. వాళ్ళ కుటుంబం అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటి పట్టణంలో స్థిరపడింది. చదువు ముగించుకొని ఆయన అక్కడికే వచ్చారు.

ఏం లాభం! 1865లో బానిసత్వాన్ని చట్టం తీసేసింది గాని మనుషుల మనసుల్లోంచి పోలేదు. నల్లవాడికి ఇంజనీరు ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. మిషిగన్ సెంట్రల్ రైల్‌రోడ్ అనే కంపెనీలో దొరికిన పని ఏమిటంటే, ఇంజను పొయ్యిలోకి పారతో బొగ్గు ఎత్తిపోయడం, బండి ఆగినప్పుడు నూనె పోయడం.

ఆ నూనె పని ఎట్లా ఉండేదంటే, ఆ రోజుల్లో ఆవిరి ఇంజను కొంతదూరం పరుగెత్తాక ఆపాల్సిందే. నూనె డబ్బా పట్టుకొని దిగి, ఇంజను చుట్టూ నడుస్తూ ఇరుసులకు, కీళ్ళకు, రాసుకొనే ప్రతి భాగానికీ పోయాలి. మళ్ళీ బయలుదేరాలి, మళ్ళీ ఆగాలి. ఒక్కచోట మర్చిపోతే ఆ భాగం అరిగిపోతుంది, లేదా కాలిపోతుంది. కాగితం మీద ఇంజన్లు గీసే పెద్దమనుషులకు ఈ బాధ తెలియదు. నూనె పోసేవాళ్ళకు బాధ తెలుసు గాని గీయడం రాదు. మెక్‌కాయ్ గారికి రెండూ తెలుసు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే అనిపిస్తుంది.

ఇంటి దగ్గర చిన్న వర్క్‌షాపు పెట్టుకొని తయారు చేయడం మొదలుపెట్టారు. 1872లో మొదటి పేటెంటు వచ్చింది. అది నూనె నింపిన ఒక గిన్నె లాంటిది. ఇంజన్లోని ఆవిరి ఒత్తిడినే వాడుకొని, బండి నడుస్తుండగానే సిలిండరులోకి నూనె వదులుతుంది. నూనె కోసం బండి ఆపే పని తగ్గింది. రైళ్ళకే కాదు, ఓడల ఇంజన్లకు కూడా ఇట్లాంటివి పనికొచ్చాయి. దీన్ని లూబ్రికేటర్ అంటారు.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. ఆవిరి ఇంజను సిలిండరులో పోసిన నూనె ఆవిరితో పాటే పోతుంది, మళ్ళీ మళ్ళీ పోస్తూ ఉండాలి. మన జీపు డీజిలు ఇంజన్లో అట్లా కాదు. కింద చాంబరులో ఉన్న ఆయిలునే పంపు పైకి తోడి, ఫిల్టరులోంచి పంపి అన్ని భాగాలకూ అందిస్తుంది. అది మళ్ళీ కిందికే జారుతుంది. ఒకే ఆయిలు వేల కిలోమీటర్లు తిరుగుతుంది కాబట్టి మురికవుతుంది, అందుకే మార్చాలి. డీజిలు మండితే మసి వస్తుంది, ఆ మసిని గడ్డ కట్టకుండా తనలో పట్టి ఉంచడం కూడా ఆయిలు పనే. అందుకని కొత్తది పోసిన కొద్ది రోజులకే నల్లబడితే పాడైందని అనుకోకూడదు. బండి పుస్తకంలో రాసిన కిలోమీటర్లనో, నెలలనో చూసుకోవాలి.

డబ్బా మీద 15 డబ్ల్యూ 40 లాంటి అంకెలు ఉంటాయి. మొదటి అంకె చలిలో ఆయిలు ఎట్లా పారుతుందో చెప్పేది, తక్కువైతే చలి పొద్దున తొందరగా పైకి చేరుతుంది. రెండోది ఇంజను వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెప్పేది. చిక్కగా ఉంటే చాలు మంచిదే అనుకోవడం పొరపాటు. ఏపీఐ గుర్తుల్లో డీజిలు ఆయిలుకు సి అక్షరం, పెట్రోలు ఆయిలుకు ఎస్ అక్షరం ముందుంటుంది. పొగగొట్టంలో మసి ఫిల్టరు ఉన్న కొత్త డీజిలు కార్లకైతే బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. మార్చేటప్పుడు ఇంజను గోరువెచ్చగా ఉండాలి, అప్పుడే మురికితో సహా దిగుతుంది. ఫిల్టరు కూడా మార్చాలి. బండి చదునైన చోట పెట్టి, కడ్డీ మీద రెండు గీతల మధ్య వచ్చేదాకా పోయాలి, పై గీత దాటకూడదు. తీసిన పాత ఆయిలు గెడ్డలో పారబోస్తే ఆ నీళ్ళు తాగే పశువులకూ మనకూ విషమే.

మళ్ళీ మెక్‌కాయ్ గారి దగ్గరకు వద్దాం. ఆయనకు మొత్తం 57 పేటెంట్లు వచ్చాయి. ఎక్కువ భాగం నూనెకు సంబంధించినవే. ఇస్త్రీ చేసుకొనే మడత బల్ల, గడ్డికి నీళ్ళు చల్లే సాధనం కూడా ఉన్నాయి. 1915లో, ఎక్కువ వేడి ఆవిరితో నడిచే పెద్ద రైలింజన్ల కోసం నూనెలో గ్రాఫైటు పొడి కలిపి అందించే లూబ్రికేటరుకు పేటెంటు తీసుకున్నారు. గ్రాఫైటు అంటే మన పెన్సిలులో ఉండేదే. అప్పటికి ఆయనకు 70 దాటాయి.

ఇన్ని కనిపెట్టినా డబ్బు మాత్రం చేతిలో నిలవలేదు. ఫ్యాక్టరీ పెట్టే పెట్టుబడి లేదు. అందుకని హక్కులను కంపెనీవాళ్ళకో, డబ్బున్నవాళ్ళకో రాసిచ్చేసేవారు. సరుకు మీద వాళ్ళ పేరే ఉండేది. తన పేరుతో కంపెనీ పెట్టుకొనేసరికి 1920 వచ్చింది, వయసు 76.

అమెరికాలో నకిలీ కాని అసలు వస్తువును రియల్ మెక్‌కాయ్ అంటారు. కొనేవాళ్ళు ఈయన లూబ్రికేటరే కావాలని అడగటం వల్ల ఆ మాట పుట్టిందని చాలామంది రాశారు. నేను నమ్మను. అట్లాంటి మాటే స్కాట్లండులో 1856లోనే అచ్చయి ఉంది, అప్పటికి ఈయన పన్నెండేళ్ళ పిల్లవాడు. పైగా 1920 దాకా సరుకు మీద ఆయన పేరే లేదు, కొనేవాళ్ళు ఏమని అడుగుతారు?

మొదటి భార్య ఆన్ ఎలిజబెత్ పెళ్ళయిన నాలుగేళ్ళకే చనిపోయారు. 1873లో మేరీ ఎలియనోరాను పెళ్ళి చేసుకున్నారు. 1882లో డెట్రాయిట్ నగరానికి మారారు. మేరీ గారు అక్కడ దిక్కులేని నల్లజాతి ముసలమ్మల కోసం ఆశ్రమం ఏర్పాటు చేసినవారిలో ఒకరు. 1922లో ఇద్దరూ కారు ప్రమాదంలో చిక్కుకున్నారు. మేరీ చనిపోయారు. ఆ దెబ్బల నుంచి ఆయన కూడా పూర్తిగా కోలుకోలేదు. 1929 అక్టోబరు 10న 85వ ఏట కన్నుమూశారు.

ఆయన పేటెంట్లన్నీ వాషింగ్టన్‌లోని కార్యాలయం నుంచే రావాలి. ఆ కార్యాలయం 2012లో మొదటిసారి ఆ ప్రాంతం దాటి డెట్రాయిట్‌లో శాఖ తెరిచింది. దానికి ఎలైజా జె. మెక్‌కాయ్ పేరు పెట్టారు.