పక్షిశాస్త్రజ్ఞుడు జెర్డన్

చలికాలపు రాత్రులందు గుడ్లగూబ కూత విని, కీడు శంకించి తలుపులు మూసికొనువారు మన పల్లెలలో నేటికిని కలరు. ఆ పక్షి ఎట్టిది, ఎచట నివసించును, ఏమి తిని బ్రతుకును అని తెలిసికొనగోరువారు అరుదు. అట్టి జిజ్ఞాసతో మన దేశపు పక్షులకొరకు జీవితమును ధారపోసినవాడు తామస్ కావెర్‌హిల్ జెర్డన్.

ఇతడు 1811లో ఇంగ్లండునందలి డర్హాం ప్రాంతమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున విద్య నభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువున వైద్యుడై 1836లో చెన్నపట్టణము చేరెను. సేనతోగూడ ఎచట విడిసినను, అచటి పక్షులను పరిశీలించి వివరములు వ్రాసికొనుట అతని నియమము.

1840 దశకమున అతడు నెల్లూరున సివిల్ సర్జనుగా నుండెను. ఆ మండలమునకు తూర్పున తీరగ్రామములును, చెరువులును. పడమట వెలికొండలును, ముండ్లపొదలతో నిండిన రాతినేలలును కలవు. శీతకాలమున ఉత్తరదేశములనుండి వలసపక్షు లచటికి వచ్చి చేరును. ఇట్టి సీమ జెర్డనునకు గొప్ప పాఠశాల యయ్యెను. అడవిపక్షులకు ఛాయాచిత్రములు తీయు సాధనము లానాడు లేవు. కావున వేటకాండ్రు తెచ్చిన పక్షులను చూచి చిత్రకారులు బొమ్మలు వ్రాయుచుండిరి. భారతీయ చిత్రకారుల సహాయముతో అతడు 50 చిత్రపటములు గల గ్రంథమును 1843 మొదలు 1847 వరకు భాగములుగా చెన్నపట్టణమున ప్రకటించెను.

నెల్లూరు, కడప ప్రాంతముల పొదల నడుమ పరుగిడు ఒక చిన్న పక్షి జెర్డను కంటబడెను. దాని రొమ్మున రెండు పట్టెలుండెను. శాస్త్రజ్ఞులకది క్రొత్తది. దానిని 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రీయముగా వర్ణించెను. ఆంగ్లమున అది జెర్డను పేరనే పిలువబడుచున్నది. తెలుగువారు దానిని కలివికోడి యందురు.

పిమ్మట 1862 నుండి 1864 వరకు వెలువడిన భారతదేశ పక్షుల గ్రంథమున అతడు వేయికిపైగా జాతులను వర్ణించెను. ప్రజల నోళ్ల నున్న తెలుగు పేర్లను సైతము అందు చేర్చెను. తుదకు ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలి, 1872లో మరణించెను.

1900 తరువాత కలివికోడి ఎవరికిని కానరాలేదు. పండితులు పగటివేళ వెదకి వెదకి విసిగిరి. అది నశించెనని పలువురు తలచిరి. కాని 1986 జనవరిలో, కడప జిల్లా రెడ్డిపల్లె చెంత, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారికి అది రాత్రివేళ దీపపు వెలుగున దొరకెను. అడవి నెరిగిన స్థానిక వేటగాడొకడు అందుకు తోడ్పడెను. గుడ్లగూబవలె అదియు రాత్రించరమని అప్పుడు స్పష్టమయ్యెను. దానికొరకు లంకమల అభయారణ్య మేర్పడెను. పిదప పరిశోధకులు ఇసుకపై అడుగుజాడలను గుర్తించియు, పొదలలో కెమేరాలను అమర్చియు దాని యునికిని కనుగొనిరి.

పొదలు నరికివేసినచో దానికి నిలువ నీడ యుండదు. జెర్డను కనుగొన్న ఆ పక్షిని కాపాడుట నేడు తెలుగువారి బాధ్యత. నిందింపక, భయపడక, ఓర్పుతో పరిశీలించువారికే ప్రకృతి తన రహస్యములను తెలుపును.