అద్దె గది దొరకని మార్టిన్ లూథర్ కింగ్

అమెరికాకు ఎంఎస్ చదవడానికి వచ్చిన కొత్తలో అద్దె గది కోసం తిరగని తెలుగువారు అరుదు. 1951లో బోస్టన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరిన మార్టిన్ లూథర్ కింగ్ కూడా అలాగే తిరిగారు. ఇంటి ముందు అద్దెకు ఇస్తామన్న బోర్డు ఉండేది. వచ్చినాయన నల్లజాతీయుడని తెలియగానే, గది ఇప్పుడే ఇచ్చేశామనేవారు.

కింగ్ 1929 జనవరి 15న అట్లాంటాలో పాస్టర్ల కుటుంబంలో పుట్టారు. 1955లో డాక్టరేట్ అందుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులోనే మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణకు నాయకుడయ్యారు. రెండు నెలలు తిరక్కుండానే ఆయన ఇంటిపై బాంబు పడింది. లోపల భార్య కొరెటా, పసిపాప ఉన్నారు. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. 1964లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

అయినా ఇంటి సమస్యను ఆయన మరచిపోలేదు. 1966 జనవరిలో షికాగోలోని లాన్‌డేల్ అనే పేదల పేటలో, పాడుబడిన అపార్ట్‌మెంట్లో కాపురం పెట్టారు. ఇళ్ల ఏజెంట్లు నల్లవారిని కొన్ని పేటలకే పరిమితం చేసేవారు. దాన్ని రుజువు చేయడానికి ఉద్యమకారులు ఒకే ఆఫీసుకు తెల్లవారిని, నల్లవారిని విడివిడిగా పంపి, వచ్చిన జవాబులను పోల్చి చూశారు. ఆగస్టు 5న మార్కెట్ పార్క్ ఊరేగింపులో ఒక రాయి కింగ్ తలకు తగిలింది. ఆయన లేచి మళ్లీ నడిచారు. అదే నెలలో నగర పెద్దలతో ఒప్పందం కుదిరినా, అమలు అంతంతమాత్రమే. ఇళ్ల వివక్షపై బిల్లు ఆ ఏడాది సెనేట్‌లో ఆగిపోయింది.

1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో కింగ్‌ను కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 39. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 11న, అధ్యక్షుడు జాన్సన్ ఫెయిర్ హౌసింగ్ చట్టంపై సంతకం చేశారు. జాతి, రంగు, మతం, మూల దేశం చూసి ఇల్లు నిరాకరించడం చట్టవిరుద్ధమైంది. తర్వాత 1974లో స్త్రీ పురుష భేదాన్ని, 1988లో వైకల్యాన్ని, పిల్లలున్న కుటుంబాలపై వివక్షను కూడా చేర్చారు.

మనకు ఇక్కడ నచ్చిన పేటలో ఇల్లు దొరుకుతోందంటే ఆ చట్టం చలవే. ఇప్పుడు మనలో చాలామంది ఇళ్లు అద్దెకిచ్చే స్థితికి వచ్చారు. వాట్సాప్ గ్రూపుల్లో తెలుగు కుటుంబాలకే ఇస్తామని రాస్తుంటాం. మన ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ మూల దేశాన్ని బట్టి ఎంపిక చేస్తామని తెలిపే ప్రకటనే ఆ చట్టానికి విరుద్ధం. బోస్టన్‌లో కింగ్‌కు తలుపు తీసిన ఆ ఇంటివారి చోట ఈరోజు మనం నిలబడి ఉన్నాం. మాట మార్చకుండా తాళంచెవి ఇవ్వడం మన చేతిలోనే ఉంది.