మౌనమూర్తి మెహెర్ బాబా – పాశ్చాత్య యువజన సంగీతం

హిప్పీ అన్న మాట వినగానే మన పెద్దలకు స్ఫురించేవి మెడ మీదికి జారిన జుట్టు, గంజాయి పొగ. 1971లో వెలువడిన 'హరే రామ హరే కృష్ణ' హిందీ చిత్రం ఆ రూపాన్నే మన మనసులలో నాటింది. మన పల్లెలలో సైతం జుట్టు పెంచిన యువకునిది హిప్పీ క్రాపు అనేవారు. అయితే ఆ తరం పాశ్చాత్య గీతాలపై ఒక భారతీయ మౌని ప్రభావం ఉన్నదనీ, ఆయన మన గోదావరి తీరాన కూడ అడుగిడినవారేననీ ఎరిగినవారు అరుదు. ఆయనే మెహెర్ బాబా. కె.గంగవరం నుండి వెలువడే ఈ సంచికలో ఆయన జీవితాన్ని విద్యార్థి లోకానికి పరిచయం చేయ సంకల్పించాము.

మెహెర్ బాబా అసలు పేరు మెర్వాన్ షెరియార్ ఇరానీ. 1894 ఫిబ్రవరి 25న పూనాలో, ఇరాన్ మూలాలు గల జొరాస్ట్రియన్ కుటుంబంలో జన్మించారు. దక్కన్ కళాశాలలో చదువుతున్న కాలంలో, 1913లో, వేపచెట్టు క్రింద నివసించే హజ్రత్ బాబాజాన్ అనే ముస్లిం వృద్ధ తపస్విని దర్శనం ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పింది. అటుపై సాకోరీలోని హిందూ గురువు ఉపాసనీ మహారాజ్ సన్నిధిలో గడిపారు. ఆయనకు పారశీక కవి హాఫిజ్ అంటే మక్కువ. హుమా అనే కలం పేరుతో తానూ గీతాలు రచించారు. గజళ్ళు, ఖవ్వాలీలు ఆయనకు ప్రీతిపాత్రాలు.

అట్టి సంగీతప్రియుడు 1925 జూలై 10న మౌనం వహించి, తుదిశ్వాస వరకు, అనగా 43 సంవత్సరాలకు పైగా, నోరు విప్పలేదు. మొదట అక్షరాల పలకపై వ్రేలితో చూపుచు, 1954 అనంతరం కేవలం హస్తసంజ్ఞలతో భావాలు తెలిపేవారు. ఆ 1954లోనే ఆంధ్రదేశంలో పర్యటించి రాజమండ్రి, కొవ్వూరు ప్రాంతాల ప్రజలకు దర్శనమిచ్చారు. అనుయాయులు ఆయనను అవతారపురుషునిగా కొలిచారు. ఆ విశ్వాసాన్ని తూచడం మా పని కాదు. ఆయన మాట ఒక తరాన్ని ఎట్లు తాకినదో చెప్పడమే మా ఉద్దేశం.

1960వ దశకంలో అమెరికా యువకులలో అనేకులు వియత్నాం యుద్ధంపైనా, ధనవ్యామోహంపైనా తిరుగుబాటు చేశారు. వారి ఆగ్రహమూ, ఆశా పాటలోనే పలికాయి. 1967లో మాంటెరీలో జరిగిన సంగీతోత్సవంలో పండిట్ రవిశంకర్ సితార్‌ను వేలమంది తన్మయులై విన్నారు. కాని వారిలో పలువురు ఎల్.ఎస్.డి. అనే మత్తుమందును దైవదర్శనానికి దగ్గరి దారిగా భ్రమించారు. తనను ఆశ్రయించిన అమెరికన్ యువకులకు మెహెర్ బాబా నిర్మొహమాటంగా వలదన్నారు. అది దేహానికీ, మనసుకూ, ఆత్మకూ చేటని హెచ్చరించారు. ఆయన సందేశాలు 1966లో చిన్న పుస్తకంగా వెలువడి విశ్వవిద్యాలయాల యువతకు చేరాయి. యువకుల మెప్పు కొరకు ఆయన సత్యాన్ని పలుచన చేయలేదు.

ఆ ప్రభావానికి లోనైనవారిలో ఇంగ్లండుకు చెందిన 'ది హూ' బృందపు గీతకర్త పీట్ టౌన్‌షెండ్ ఒకరు. చూపు, వినికిడి, మాట లేని బాలుని కథగా ఆయన రూపొందించిన 'టామీ' 1969 మే నెలలో వెలువడింది. దాని అట్టపై మెహెర్ బాబా పేరున్నది. కాని 1969 జనవరి 31ననే బాబా కన్నుమూశారు. 1971 నాటి 'బాబా ఓ'రైలీ' గీతం పేరులో ఆయన నామం నిలిచింది. 1953లో బాబా అందించిన ప్రార్థన ఆధారంగా టౌన్‌షెండ్ 1972లో 'పర్వర్దిగార్' అనే గీతాన్ని వెలువరించారు. పోషకుడైన ప్రభువని అర్థమిచ్చే ఈ పదం ఉర్దూ విద్యార్థులకు చిరపరిచితమే. ఇంతటి భక్తుడు కూడ తదనంతర కాలంలో మద్యానికీ, మత్తుకూ లోబడి చికిత్స పొందవలసి వచ్చింది. ఆ సంగతిని ఆయన దాచలేదు. సందేశాన్ని పాడడం వేరు, పాటించడం వేరు.

1988లో బాబీ మెక్‌ఫెరిన్ వాద్యాలు లేకుండ, కేవలం కంఠస్వరంతో పాడిన 'డోంట్ వర్రీ, బీ హ్యాపీ' అమెరికాలో అగ్రస్థానం పొందింది. ఆ పల్లవి మెహెర్ బాబా మాటే. అయితే ఆయన బోధలో, శక్తివంచన లేకుండ పాటుపడిన పిమ్మటనే చింత వీడమని ఉన్నది. లోకం రెండవ సగాన్ని మాత్రమే నోట పట్టుకొన్నది. హిప్పీలలో అనేకులు చేసినదీ అదియే: మన దేశపు రాగాన్నీ, రంగునూ స్వీకరించి, వాటి వెనుక నున్న నియమాన్ని విడనాడారు.

నేటి యువతకు కూడ పాటపై మక్కువ కలదు, అన్యాయంపై ఆగ్రహం కలదు. అవి రెండూ కొనియాడదగినవే. వాటి నడుమకు మత్తును రానీయవద్దని, పల్లవితో పాటు సాధనను సైతం అలవరచుకొనవలెనని మా విద్యార్థులకు మనవి చేస్తున్నాము.