జేఆర్‌డీ టాటా: బళ్లారి మీదుగా సాగిన తపాలా విమానం నుంచి బస్తర్ గగనతలం దాకా

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడలో కొలువైన దంతేశ్వరీ దేవి పేరును 80 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న జగదల్‌పూర్ విమానాశ్రయానికి పెట్టారు. దంతెవాడ ప్రజలకు అందుబాటులో ఉన్న విమానాశ్రయం అదే. 2020 సెప్టెంబరు 21న అలయన్స్ ఎయిర్ సంస్థ ఏటీఆర్-72 విమానంతో హైదరాబాద్, జగదల్‌పూర్, రాయ్‌పుర్‌లను కలుపుతూ సేవలు ప్రారంభించింది. అంతకుముందు చాలాకాలం బస్తర్ వాసి విమానం ఎక్కాలంటే జగదల్‌పూర్ నుంచి దాదాపు 300 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం చేసి రాష్ట్ర రాజధాని రాయ్‌పుర్ చేరుకోవడం, లేదా తూర్పు కనుమలు దిగి విశాఖపట్నం వెళ్లడం తప్పనిసరిగా ఉండేది.

పెద్ద కూడలి విమానాశ్రయానికి వెళ్లకుండా చిన్న ఊరి నుంచే గమ్యం చేరడం కొత్త ఆలోచనలా కనిపిస్తుంది. వాస్తవానికి భారతదేశంలో వాణిజ్య విమానయానం మొదలైందే ఆ పద్ధతిలో. దానికి ఆద్యుడు జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. 1932 నాటి ఆయన మార్గపటంలో బస్తర్ లేదు. అయితే చిన్న ఊరికి విమానం ఎందుకు వస్తుంది, వచ్చిన విమానం ఎందుకు ఆగిపోతుంది అనే ప్రశ్నలకు ఆయన జీవితంలో సమాధానాలు దొరుకుతాయి.

ఫ్రాన్స్ తీరంలో మొదలైన మోజు

జేఆర్‌డీ 1904 జులై 29న పారిస్‌లో జన్మించారు. తండ్రి రతన్‌జీ దాదాభాయ్ టాటా పార్సీ వ్యాపారి. తల్లి సుజాన్ ఫ్రెంచి వనిత. ఉత్తర ఫ్రాన్స్ సముద్ర తీరంలోని హార్డెలోలో ఆ కుటుంబం వేసవులు గడిపేది. 1909లో ఇంగ్లిష్ చానల్‌ను విమానంలో దాటి చరిత్ర సృష్టించిన లూయీ బ్లెరియో కుటుంబానికి కూడా అక్కడ ఇల్లు ఉండేది. ఆ ఇసుక తీరంలో దిగే విమానాలను చూస్తూ పెరిగిన బాలుడికి వైమానికుడు కావాలన్న కోరిక కలిగింది. పదిహేనో ఏట తొలిసారి విమానం ఎక్కారు.

1923లో తల్లి, 1926లో తండ్రి మరణించారు. అప్పటికే జేఆర్‌డీ వేతనం లేని శిక్షణార్థిగా టాటా సంస్థలో చేరి ఉన్నారు. 1929లో ఫ్రెంచి పౌరసత్వాన్ని వదులుకున్నారు. అదే ఏడాది ఫిబ్రవరి 10న వైమానిక లైసెన్సు పొందారు. భారతదేశంలో జారీ అయిన మొట్టమొదటి లైసెన్సు అదే. దాని సంఖ్య 1.

ఆ రోజుల్లో ఆగాఖాన్ ఒక పోటీ ప్రకటించారు. ఇంగ్లండ్, భారతదేశాల మధ్య ఒంటరిగా విమానం నడిపిన తొలి భారతీయుడికి బహుమతి ఇస్తామన్నారు. జేఆర్‌డీ కరాచీ నుంచి పడమరకు బయలుదేరారు. ఎదురు దిశలో వస్తున్న ఆస్పీ ఇంజినీర్ స్పార్క్ ప్లగ్‌లు లేక ఈజిప్టులోని అబూకిర్‌లో నిలిచిపోయారు. తన ప్రత్యర్థి అని తెలిసీ జేఆర్‌డీ తన వద్ద ఉన్న అదనపు ప్లగ్‌లను ఆయనకు ఇచ్చారు. పోటీలో ఆస్పీ గెలిచారు. ఆ యువకుడే తరువాతి కాలంలో భారత వాయుసేన అధిపతి అయ్యారు.

కరాచీలో ఆగిపోయే ఉత్తరాలు

1929లో బ్రిటన్‌కు చెందిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ నుంచి కరాచీకి విమాన సేవలు ప్రారంభించింది. ఆ మార్గం తరువాత ఢిల్లీ, కలకత్తాల వైపు సాగింది. సామ్రాజ్యపు గగనమార్గమంతా ఉత్తర భారతం మీదుగానే పోయేది. దక్షిణాదికి రావలసిన ఉత్తరాలు కరాచీలో దిగి రైలెక్కేవి. విమానంలో ఆదా అయిన రోజులు పట్టాల మీద ఖర్చయ్యేవి.

ఈ లోటును గుర్తించినవాడు నెవిల్ వింట్సెంట్. బ్రిటిష్ వాయుసేనలో పనిచేసి వచ్చిన ఈ వైమానికుడు కరాచీ నుంచి బొంబాయి మీదుగా మద్రాసుకు తపాలా విమానం నడపవచ్చని జేఆర్‌డీకి ప్రతిపాదించాడు. సంస్థ అధ్యక్షుడు దొరాబ్‌జీ టాటా మొదట సుముఖత చూపలేదు. జేఆర్‌డీకి మార్గదర్శి అయిన జాన్ పీటర్సన్ నచ్చజెప్పిన మీదట రూ.2 లక్షల పెట్టుబడికి అంగీకరించారు. ప్రభుత్వాన్ని ఒప్పించడానికి మరో మూడేళ్లు పట్టింది. ఆర్థిక మాంద్యం కారణంగా రాయితీ ఇవ్వలేమని అధికారులు చెప్పారు. రాయితీ లేకుండానే, ఉత్తరాలపై వసూలయ్యే అదనపు రుసుముతోనే నడుపుతామని టాటాలు ముందుకొచ్చారు. 1932 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది.

బళ్లారి మజిలీ

1932 అక్టోబరు 15 ఉదయం జేఆర్‌డీ కరాచీలోని డ్రిగ్ రోడ్ నుంచి ఒంటి ఇంజిను పస్ మాత్ విమానంలో బయలుదేరారు. అందులో రేడియో లేదు. అహ్మదాబాద్‌లో ఆగి ఇంధనం నింపుకొన్నారు. ఆ పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. మధ్యాహ్నానికి బొంబాయిలోని జుహు బురద మైదానంలో దిగారు. అక్కడి నుంచి మద్రాసు ఉత్తరాలను వింట్సెంట్ మరో పస్ మాత్‌లో అందుకొని బళ్లారి మీదుగా గమ్యం చేర్చాడు.

బళ్లారి అప్పట్లో మద్రాసు రాజధానిలో ఒక జిల్లా కేంద్రం. తెలుగు, కన్నడం కలగలిసిన ఊరు. హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాలను వదిలి దాన్ని ఎంచుకోవడానికి కారణం ఆ ఊరిపై అభిమానం కాదు. బొంబాయి, మద్రాసుల మధ్య దూరం వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. చిన్న విమానం ఒక్క విడతలో అంత దూరం ఎగరలేదు. దారి మధ్యలో ఎక్కడో ఒకచోట దిగాలి. ఆ దిగే చోటు బళ్లారి అయింది.

తొలి ఏడాది ఈ సేవ 1.6 లక్షల మైళ్లు నడిచింది. 155 మంది ప్రయాణికులు మాత్రమే ఎక్కారు. అయినా రూ.60,000 లాభం వచ్చింది. వారానికి సగటున ముగ్గురు ప్రయాణికులతో ఏ విమాన సంస్థా బతకదు. ఆ విమానాన్ని బతికించింది ఉత్తరాల సంచి. మనుషులు ఎక్కినా ఎక్కకున్నా సంచి మాత్రం ప్రతివారం వచ్చేది. దాని కిరాయి ఖాయంగా అందేది. చిన్న మార్గానికి కావలసింది అటువంటి నికరమైన బరువేనన్నది జేఆర్‌డీ తొలి వ్యాపార పాఠం.

పెరిగిన విమానం, తరిగిన మజిలీలు

విమానాలు పెద్దవయ్యే కొద్దీ మధ్య మజిలీల అవసరం తగ్గింది. ఒక్క విడతలో మద్రాసు చేరగల విమానానికి బళ్లారిలో పని లేదు. యంత్రం బలహీనతే బళ్లారికి విమానాన్ని తెచ్చింది. యంత్రం బలపడ్డాక దాని ప్రాముఖ్యం పోయింది.

1942లో వింట్సెంట్ ఇంగ్లండ్ వెళ్తూ విమానంతో సహా అదృశ్యమయ్యాడు. ఆ లోటు జేఆర్‌డీని బాధించినా సంస్థ విస్తరణ ఆగలేదు. 1945లో నిజాం ప్రభుత్వ రైల్వే, టాటాల భాగస్వామ్యంతో హైదరాబాద్ కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. 1946లో టాటా ఎయిర్‌లైన్స్ ఎయిర్ ఇండియాగా మారింది. 1948 జూన్ 8న బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు తొలి అంతర్జాతీయ సేవ మొదలైంది.

నాగపూర్ వివాదం

యుద్ధం ముగిశాక మిగులు డకోటా విమానాలు చవకగా దొరికాయి. వాటితో అనేక సంస్థలు పుట్టుకొచ్చాయి. ప్రభుత్వం ఉదారంగా లైసెన్సులిచ్చింది. ఉన్న ప్రయాణికులకు మించి విమానాలు వస్తే అందరూ నష్టపోతారని జేఆర్‌డీ హెచ్చరించారు.

ఈ దశలో కమ్యూనికేషన్ల మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్ రాత్రి తపాలా విమాన పథకాన్ని తెచ్చారు. 1949 జనవరి 30న అది ఆరంభమైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి బయలుదేరిన నాలుగు విమానాలు అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకునేవి. సంచులు మార్చుకొని తెల్లవారేసరికి తిరిగి తమ నగరాలు చేరేవి. కూడలి విమానాశ్రయం అనే భావనకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు. రాత్రి దిగడానికి తగిన ఏర్పాట్లు లేవని, ఖర్చు గిట్టదని జేఆర్‌డీ దాన్ని వ్యతిరేకించారు. మంత్రితో ఆయనకు బహిరంగంగానే విభేదాలు వచ్చాయి. పథకాన్ని మొదట చేపట్టిన సంస్థ నిలదొక్కుకోలేకపోయింది. కానీ నాగపూర్ కూడలి మాత్రం దీర్ఘకాలం నిలిచి, దేశానికి మరుసటి రోజే ఉత్తరం అందించింది. లెక్కల విషయంలో జేఆర్‌డీ హెచ్చరిక నిజమైంది. కూడలి ప్రయోజనం విషయంలో మంత్రి దూరదృష్టి నిజమైంది.

1953 ఆగస్టు 1న విమాన సంస్థలు జాతీయమయ్యాయి. డెక్కన్ ఎయిర్‌వేస్ సహా ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమయ్యాయి. జేఆర్‌డీ ఈ నిర్ణయంతో విభేదించినా ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ అధ్యక్ష పదవిని స్వీకరించి పాతికేళ్లు నిర్వహించారు. దేశంలోని ఊళ్లను కలిపే బాధ్యత మాత్రం ఆయన చేతి నుంచి జారిపోయింది. బళ్లారితో ఆరంభమైన ప్రయాణం లండన్, న్యూయార్క్‌ల వైపు మళ్లింది. 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఆయనను ఆ పదవి నుంచి తప్పించింది.

1982 అక్టోబరు 15న, 78 ఏళ్ల వయసులో, జేఆర్‌డీ పాత లెపర్డ్ మాత్ విమానంలో కరాచీ నుంచి బొంబాయికి ఒంటరిగా వచ్చి యాభై ఏళ్ల నాటి ప్రయాణాన్ని పునరావృతం చేశారు. 1992లో భారతరత్న అందుకున్నారు. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు. పారిస్‌లోని పెర్ లాషైజ్ శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు.

బస్తర్‌కు మిగిలిన పాఠం

2017లో అమలులోకి వచ్చిన ఉడాన్ పథకం చిన్న ఊళ్లను మళ్లీ మార్గపటంలోకి తెచ్చింది. ఆ ఏప్రిల్ 27న ప్రారంభమైన తొలి మార్గాల్లో కడప-హైదరాబాద్ ఒకటి. అదే ఏడాది బళ్లారి జిల్లాలోని విద్యానగర్‌కు హైదరాబాద్ నుంచి విమానం నడిచింది. ఈ మార్గాల్లో కొన్ని సీట్ల ధరకు పరిమితి ఉంటుంది. సంస్థకు వచ్చే నష్టాన్ని మూడేళ్ల పాటు ప్రభుత్వం భర్తీ చేస్తుంది. పెద్ద నగరాల మధ్య తిరిగే విమానాలపై వేసే రుసుము నుంచి ఆ సొమ్ములో అధిక భాగం వస్తుంది. 1932లో ఉత్తరం రాసినవాడు మోసిన భారాన్ని నేడు మెట్రో ప్రయాణికుడు మోస్తున్నాడన్నమాట.

అయితే రాయితీ ఒక్కటే చాలదని జగదల్‌పూర్ అనుభవం చెబుతోంది. 2018 జూన్ 14న అక్కడ ఎయిర్ ఒడిశా చిన్న విమానంతో మొదలైన సేవలు కొన్ని నెలలకే నిలిచిపోయాయి. 2020లో హైదరాబాద్‌కు మార్గం కలిశాకే పరిస్థితి మెరుగుపడింది. అందుకు కారణాలు ఉన్నాయి. దంతెవాడ జిల్లాలోని కిరందూల్, బచేలీల్లో ఇనుప ఖనిజం తవ్వుతున్న ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. వైద్యం కోసం, చదువు కోసం బస్తర్ వాసులు చూసేదీ తెలుగు నగరాల వైపే. పరిపాలన రాయ్‌పుర్‌తో ముడిపడినా, బతుకు అవసరాలు దక్షిణానికి దారి తీస్తాయి. విమాన మార్గం ఆ అవసరాన్ని అనుసరించినప్పుడే సీట్లు నిండుతాయి.

జేఆర్‌డీ జీవితం ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. చిన్న ఊరికి విమానం దయవల్ల రాదు, అభిమానం వల్ల నిలవదు. ప్రతివారం తప్పక వచ్చే బరువు, దానికి తప్పక కిరాయి చెల్లించే చేయి ఉండాలి. బళ్లారికి ఉత్తరాల సంచి ఉన్నంతకాలం అది సాగింది. దంతెవాడ నుంచి హైదరాబాద్ ఆసుపత్రికి బయలుదేరే రోగికి ఒక పగటి ప్రయాణం మిగులుతుందా లేదా అన్నది, రాయితీ గడువు తీరిన తరువాత ఆ సంచి స్థానంలో ఏది నిలుస్తుందన్న దానిపై ఆధారపడి ఉంది.