రైతు పరపతికి పాదువేసిన పట్టాభి

డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి పేరు వినగానే కాంగ్రెసు చరిత్రకారుడుగా, ఆంధ్రోద్యమ నాయకుడుగా వారు స్మృతికి వత్తురు. కృష్ణా మండలపు చిన్న రైతును వడ్డీవ్యాపారి పట్టునుండి విడిపింప వారు చేసిన కృషి అంతగా స్మరింపబడుట లేదు.

పట్టాభిగారు 1880 నవంబరు 24న గుండుగొలనులో సామాన్య కుటుంబమున జన్మించిరి. మద్రాసులో వైద్యవిద్య ముగించి మచిలీబందరున వృత్తి నారంభించిరి. పిదప దానిని విడిచి దేశసేవకు దిగిరి.

ఆనాటి రైతుకు నాట్లవేళ విత్తనమునకు, కూలికి అప్పు తప్పనిసరి. పంట నూర్చినంతనే, ధర అడుగంటియున్నప్పుడే, అమ్మి బాకీ తీర్చవలెను. మిగులునది మరుసటేటి అప్పే. 1904, 1912 సంవత్సరముల సహకార చట్టములు దీనికొక మార్గము చూపెను. గ్రామసంఘ సభ్యులు ఒకరికొకరు పూచీపడుదురు. జిల్లా కేంద్రబ్యాంకు ప్రజల డిపాజిట్లను గైకొని ఆ సంఘములకు అప్పిచ్చును. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్రబ్యాంకు స్థాపనలో పట్టాభిగారు ముందునిలిచిరి. 1923 నవంబరులో లక్ష రూపాయల మూలధనముతో బందరున ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. పాత బాకీలు తీరుటకు దీర్ఘకాలపు వాయిదాలు కావలెనని భూమి తనఖా బ్యాంకులకును పూనుకొనిరి.

కడోదరాకు తూర్పున నున్న బార్డోలీలో 1928లో రైతులు సర్దారు పటేలు నాయకత్వమున పెంచిన శిస్తు నెదిరించి గెలిచిరి. శిస్తు భారము తగ్గింప సత్యాగ్రహము చాలెను. అప్పు భారము తగ్గింప ఏటేట నిలిచి పనిచేయు సంస్థ కావలెను. కడోదరా పొరుగున చల్థాణ్‌లో చెరకు రైతుల సహకార చక్కెర కర్మాగారము వెలసినదియు ఈ సూత్రముపైననే.

అయినను పని పూర్తికాలేదు. 1951-52 నాటి అఖిలభారత గ్రామీణ పరపతి సర్వేలో రైతుల అప్పునందు సహకార సంఘముల వంతు సుమారు 3 శాతమే. వడ్డీవ్యాపారులది 70 శాతమునకు దగ్గర. భూమి హామీ చూపలేని కౌలుదారుకు బ్యాంకు తలుపు నేటికిని సగమే తెరచుకొన్నది.

1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా నుండిన పట్టాభిగారు 1959 డిసెంబరు 17న పరమపదించిరి. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమై, 2020లో యూనియన్ బ్యాంకులో లీనమైనది. పేరు పోయినను త్రోవ మిగిలినది. ఆస్తిలేని స్త్రీలు పొదుపు సంఘముగా కూడి, ఒకరికొకరు పూచీయై, నేడు తెలుగునాట బ్యాంకునుండి అప్పు తెచ్చుకొనుట ఆ త్రోవనే.