సంగీత గురువు బాఖ్

జోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1685 మార్చిలో జర్మనీలోని ఐసెనాఖ్ పట్టణంలో జన్మించాడు. ఆ వంశానికి సంగీతమే కులవృత్తి. పదేళ్లు నిండకముందే అతడు తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయాడు. ఓర్డ్రూఫ్‌లో ఆర్గన్ వాద్యకారుడైన పెద్దన్న జోహాన్ క్రిస్టోఫ్ అతణ్ణి చేరదీసి తొలి పాఠాలు నేర్పాడు.

పేరొందిన స్వరకర్తల రచనలున్న పుస్తకం ఒకటి అన్నగారి బీరువాలో ఉండేది. ఎంత బతిమాలినా ఆయన దానిని తమ్ముడి చేతికివ్వలేదు. బాలుడు రాత్రివేళ బీరువా జాలీ సందులో చిన్నచేతులు దూర్చి, ఆ పుస్తకాన్ని చుట్టగా చుట్టి వెలుపలికి లాగేవాడు. దీపం లేదు. వెన్నెలే ఆధారంగా ఆరు నెలలు శ్రమించి ప్రతి రాసుకున్నాడు. సంగతి తెలిసిన అన్న దానిని నిర్దాక్షిణ్యంగా లాక్కున్నాడు. 1754లో అచ్చయిన సంస్మరణ వ్యాసం ఈ వృత్తాంతాన్ని తెలుపుతున్నది. దానిని రాసినవారిలో బాఖ్ కుమారుడొకడు గనుక ఇది ఆ ఇంట చెప్పుకొన్న కథే కావాలి.

పుస్తకం కోసం అంతగా తపించినవాడు తనవారికి తానే పుస్తకాలు రాసి ఇచ్చాడు. 1720లో, కోథెన్ కొలువులో ఉండగా, తొమ్మిదేళ్ల పెద్దకుమారుడు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం ఒక అభ్యాస పుస్తకం మొదలుపెట్టాడు. ఏ స్వరానికి ఏ వేలు వాడాలో అంకెలతో చూపే పాఠం అందులో ఉంది. ఆ ఏడాదే భార్య మారియా బార్బరా మరణించింది. మరుసటి ఏడాది ఆయన కొలువు గాయని అన్నా మాగ్దలేనాను వివాహమాడాడు. ఆమెకు 1722లో ఒకటి, 1725లో ఒకటి పుస్తకాలు ఇచ్చాడు. రెండవ దానిలో పెక్కు పుటలు ఆమె స్వదస్తూరితో ఉన్నాయి. నడివయసులో తొలిసారి పియానో ముందు కూర్చున్నవారు సైతం నేడు మొదట నేర్చుకునే జీ మేజర్ మినుయెట్ ఈ పుస్తకంలోనిదే. అయితే అది బాఖ్ రచన కాదు, క్రిస్టియన్ పెట్సోల్డ్ రచన అని 1970లలో గాని తేలలేదు.

1802లో ఫోర్కెల్ రాసిన జీవితచరిత్రను బట్టి, బాఖ్ శిష్యులు కొన్ని నెలలపాటు వేళ్ల సాధన మాత్రమే చేయవలసి వచ్చేది. వారికి విసుగు కలిగినట్లు తోస్తే, ఆ సాధననే ఇముడ్చుతూ గురువు అక్కడికక్కడే చిన్న రచన చేసి ఇచ్చేవాడు. 1723 నాటి ఇన్వెన్షన్లు అభ్యాసకులను ఉద్దేశించినవే. వీటిలో ఎడమచేయి కుడిచేతికి కేవలం తోడు కాదు. కుడిచేయి పలికిన పలుకునే అది అందుకొని తిరిగి పలుకుతుంది. వయసు వచ్చాక నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

న్యాయశాస్త్రం చదవడానికి 1724లో లైప్‌జిగ్ చేరిన గెర్బర్, అప్పటికే ఆ నగరంలో ఉన్న బాఖ్ వద్దకు వెళ్లడానికి నెలల తరబడి జంకాడు. తీరా వెళ్తే ఆదరణ లభించింది. పాఠం చెప్పే మనసు లేదన్న నెపంతో గురువు తానే వాద్యం ముందు కూర్చునేవాడు. గంటలు క్షణాల్లా గడిచిపోయేవి.

చివరి రోజుల్లో బాఖ్ చూపు కోల్పోయాడు. రెండు శస్త్రచికిత్సలు విఫలమయ్యాయి. 1750 జూలై 28న ఆయన మరణించాడు. అన్నా మాగ్దలేనా మరో పదేళ్లు పేదరికంలో బతికి 1760లో కన్నుమూసింది. 1725 నాటి ఆమె పుస్తకం బెర్లిన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది.