ముద్దేనహళ్లి నుంచి పూనా ఎంత దూరం?

డిగ్రీ అయినాక పైచదువుకి విదేశం పోవాలా వద్దా అని మన తరగతిలో మొదలైన వాదన ఇంకా తెగలేదు. అప్పు చేసైనా పోవాల్సిందే అని కొందరు. బెంగళూరు హాస్టల్‌కే మా ఇంట్లో ఒప్పుకోరు, ఇంక విదేశం మాట ఎందుకు అని ఇంకొందరు. ఆ వాదనలో రెండు వైపులవాళ్ళూ ఒకే పేరు వాడుకున్నారు. విశ్వేశ్వరయ్యగారు విదేశాలు తిరిగే కదా అంత పెద్దవారైనది అని ఒకరంటే, ఆయన మన దేశంలోనే కదా చదివింది అని ఇంకొకరు. రెండూ నిజమే. అందుకే ఈసారి గోడపత్రికకి ఆయన జీవితాన్ని ఈ ఒక్క కోణంలో రాస్తున్నాను. ఆనకట్టల సంగతులు మనం ఇస్కూల్లోనే చదువుకున్నాం, వాటి జోలికి ఎక్కువ పోను.

మోక్షగుండం అనేది గిద్దలూరు వైపు ఉన్న ఊరు. విశ్వేశ్వరయ్యగారి పెద్దలు అక్కడినుంచి వచ్చి చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లిలో స్థిరపడినారు. ఊరు మారినా ఇంటిపేరు మారలేదు, ఇంట్లో తెలుగూ మారలేదు. బయట కన్నడం, ఇంట్లో తెలుగు అనే బతుకు మనకి కొత్తగా చెప్పనక్కర్లేదు. బాగేపల్లిలో, చింతామణిలో సగం ఇళ్ళు అట్లాంటివే. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. పాండిత్యం ఉండింది గానీ డబ్బు లేదు. ఆ తండ్రి కూడా పిల్లవాడు చదువు ముగించకముందే పోయినారు.

మొదటి చదువు చిక్కబళ్లాపురంలో. తర్వాత బెంగళూరు. అక్కడ మేనమామ రామయ్యగారి అండ ఉన్నా, ఖర్చులకోసం కొడగువాళ్ళ ఇంట్లో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివినారు. ఇప్పుడు మనం ట్యూషన్ చెప్పి బస్‌పాస్ డబ్బులు సంపాదించుకున్నట్టే అనుకోండి. 1881లో బి.ఏ. పాసైనారు. ఆ పట్టా ఇచ్చింది మద్రాసు విశ్వవిద్యాలయం. ఎందుకంటే మైసూరు సంస్థానానికి అప్పట్లో సొంత విశ్వవిద్యాలయమే లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకి వస్తాం.

తర్వాత ఇంజనీరింగ్ చదవాలనుకున్నారు. మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చి పూనా సైన్స్ కాలేజీకి పంపింది. నాకు ఆయన జీవితంలో ఆనకట్టలకన్నా పెద్దదిగా కనిపించేది ఈ ప్రయాణమే. ఇరవై ఏళ్ళ పిల్లవాడు సంస్థానం దాటి బొంబాయి రాజధానిలోకి పోయినాడు. ఆ ఊరి భాష మరాఠీ. తిండి వేరు, మనుషులు వేరు. ఫోన్ లేదు, వారానికోసారి ఇంటికి వచ్చే వీలూ లేదు. సముద్రం దాటలేదు గానీ, తండ్రి లేని ముద్దేనహళ్లి పిల్లవాడికి అదే పరదేశం. 1883లో పరీక్షలో మొదటి స్థానం వచ్చింది. బొంబాయి ప్రభుత్వం వెంటనే ఉద్యోగం ఇచ్చింది. 1884లో నాసిక్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరినారు.

ఇక్కడొక సంగతి ఉంది. స్కాలర్‌షిప్ ఇచ్చింది మైసూరు, పని చేసింది బొంబాయికి. ఖడక్‌వాస్లాలో నీటిమట్టం పెరిగితే వాటంతట అవే తెరుచుకునే తలుపులు 1903లో బిగించినారు. తాను చదువుకున్న పూనా ఊరి చెరువుకే తన తలుపులు. మైసూరు ఖజానాకి మాత్రం పాతికేళ్ళు ఏ లాభమూ రాలేదు. బయటికి పోయిన పిల్లలు తిరిగి రారు అని ఇప్పుడు మన పెద్దలు అంటుంటారే, ఆ మాట 1900లో ఆయన్ని చూపించి కూడా అనుండొచ్చు. ఆయన తిరిగి వచ్చినారని మనకి తెలుసు కాబట్టి ఆ పాతికేళ్ళు మనం లెక్క పెట్టం.

మరి విదేశం? మొదటిసారి పోయింది 1898లో, సెలవు పెట్టి, జపానుకి. అప్పటికి వయసు నలభైకి దగ్గర, పధ్నాలుగేళ్ళ ఉద్యోగ అనుభవం. ఏ కాలేజీలోనూ చేరలేదు. మనలాగే ఆసియాలో ఉన్న దేశం, ముప్పై ఏళ్ళలో అంత ముందుకి ఎట్లా పోయిందని ఆయన చూడబోయినారు. ఫ్యాక్టరీలతో పాటు పల్లె బడులు చూసినారు. ఆడపిల్లలు, మగపిల్లలు అందరూ బడికి పోవడం చూసినారు. ఆ చూపు ఏమైందో పదిహేనేళ్ళ తర్వాత తెలిసింది. 1912లో మైసూరు దివాను అయినారు, 1913లో నిర్బంధ ప్రాథమిక విద్యకి చట్టం తెచ్చినారు. ఆయన ఆరేళ్ళ పాలనలో సంస్థానంలో బడుల సంఖ్య రెండింతలు దాటింది. ఏ పట్టా లేని మూడు నెలల జపాను ప్రయాణం ఎంత మంది పలకాబలపాల దాకా వచ్చిందో చూడండి.

రెండోసారి 1908లో. బొంబాయి కొలువు వదులుకుని ఐరోపా, అమెరికా తిరగడానికి బయలుదేరినారు. ఆ ఏడాదే సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో మూసీ పొంగి ఊరిని ముంచేసింది. పర్యటనలో ఉన్న ఆయనకి నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చింది. 1909లో వచ్చి, ఊరికి ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదని ఆపాలని పథకం ఇచ్చినారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినాయి. ఆ ఏడాది నవంబర్‌లోనే మైసూరు చీఫ్ ఇంజనీరుగా చేరినారు. మైసూరు స్కాలర్‌షిప్ పిల్లవాడు సొంత సంస్థానానికి పనికి వచ్చింది అప్పుడు.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట. విదేశాలు చూసొచ్చిన దివాను, పిల్లలందరినీ ఓడ ఎక్కించి పంపేద్దాం అనుకోలేదు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం పెట్టించినారు. దేశంలో సంస్థానాల్లో వెలసిన మొదటి విశ్వవిద్యాలయం అదే. 1917లో బెంగళూరులో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. ఇకమీద మైసూరు పిల్లవాడు ఇంజనీరు కావడానికి పూనా దాకా పోనక్కర్లేదు. అదే సమయంలో, ఇక్కడ దొరకని విద్యలకోసం యోగ్యులైనవాళ్ళకి సంస్థానం డబ్బుతో విదేశీ స్కాలర్‌షిప్‌లు కూడా ఇప్పించినారు. అంటే ఇక్కడ ఉన్నదాన్ని ఇక్కడే నేర్చుకో, లేనిదానికోసం పో, పోయేవాడి ఖర్చు సర్కారు భరిస్తుంది అని ఆయన లెక్క. అప్పు చేసి పోయే మన కాలానికీ ఆ కాలానికీ పెద్ద తేడా ఈ చివరి ముక్కలోనే ఉంది. మన వాదనలో ఇది ఎవరూ ఎత్తలేదు.

యోగ్యులు అన్నాను. ఈ మాట దగ్గర నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. 1918లో మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, వెనుకబడిన కులాలవారికి ఉద్యోగాల్లో, చదువుల్లో ఎక్కువ చోటు ఇవ్వడంపై మిల్లర్ కమిటీని వేసినారు. ప్రతిభ ఒక్కటే కొలత కావాలన్నది విశ్వేశ్వరయ్యగారి పట్టు. అభిప్రాయభేదం ముదిరి దివాను పదవి వదిలేసినారు. ఆయన నిజాయితీని శంకించేవాళ్ళు ఎవరూ లేరు. కానీ ఆయనకి బెంగళూరులో మేనమామ ఇల్లు ఉండింది, ఇంట్లో తరాల చదువు ఉండింది. ఆ మేనమామ లేని పిల్లవాడు, అసలు గడప దాటనివ్వని పిల్ల, వాళ్ళ ప్రతిభని ఏ పరీక్షలో కొలుస్తాం? ఈ విషయంలో మహారాజు చూపే దూరం పోయిందని నాకు అనిపిస్తుంది. మేడమ్‌లు ఒప్పుకోకపోతే కింద ఖాళీ ఉంచాను, రాయండి.

ఆడపిల్లల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకరి గురించి నాలుగు మాటలు. రాజేశ్వరీ ఛటర్జీగారు 1922లో పుట్టినారు. వాళ్ళ అవ్వ కమలమ్మ దాసప్పగారు మైసూరు విశ్వవిద్యాలయంలో డిగ్రీ తీసుకున్న తొలితరం ఆడవాళ్ళలో ఒకరు. మనవరాలు అదే విశ్వవిద్యాలయం కింద బెంగళూరు సెంట్రల్ కాలేజీలో గణితం ఎం.ఎస్‌సీ. చేసి, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద 1947లో అమెరికా పోయి, మిషిగన్‌లో డాక్టరేట్ చేసి, 1953లో తిరిగి వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పాఠం చెప్పినారు. అవ్వకి దగ్గరలో విశ్వవిద్యాలయం దొరికింది. మనవరాలికి ఓడ దొరికింది. అవ్వ చదువు లేకుండా ఆ ఓడ వచ్చేదా అని నాకు అనుమానం. మన ఇళ్ళల్లో మొదట డిగ్రీ చదువుతున్నది మనమే కదా, బెంగళూరు హాస్టల్ గొడవని ఈ వరుసలో పెట్టి చూడండి.

విశ్వేశ్వరయ్యగారు పదవి వదిలినా ప్రయాణాలు వదలలేదు. 1919లో మళ్ళీ లోకం చుట్టడానికి బయలుదేరి, 1920లో భారతదేశ పునర్నిర్మాణంపై ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించినారు. 1935లో, డెబ్బై దాటిన వయసులో, మన దేశంలో మోటారు కార్ల ఫ్యాక్టరీ పెట్టాలని ఐరోపా, అమెరికా ఫ్యాక్టరీలు చూసొచ్చినారు. 1946లో ఎనభై దాటినాక పారిశ్రామికుల బృందానికి నాయకుడై మరోసారి. అన్నిసార్లు పోయినా, విద్యార్థిగా ఒక్కసారీ పోలేదు. 1955లో భారతరత్న. నూరేళ్ళు చూసి 1962 ఏప్రిల్‌లో కన్నుమూసినారు.

సమాధి ముద్దేనహళ్లిలోనే ఉంది, పుట్టిన ఇల్లు మ్యూజియం అయింది. చిక్కబళ్లాపురం నుంచి ఏడు కిలోమీటర్లు కూడా ఉండదు, అయినా మన తరగతిలో చూసినవాళ్ళు ముగ్గురే. సెప్టెంబర్ 15న ఆయన పుట్టినరోజుకి పోదామని అనుకుంటున్నాం. బాగేపల్లి, చింతామణి నుంచి వచ్చేవాళ్ళు చిక్కబళ్లాపురం బస్టాండులో తొమ్మిదింటికల్లా ఉండండి. ఇంట్లో ఒప్పుకోనివాళ్ళు ముందే చెప్తే, మేడమ్‌తో ఫోన్ చేయిస్తాం.